బండ మీద చెప్పిన పాఠం

మాదాపూర్, ఖానామెట్, కొత్తగూడ, గుట్టల బేగంపేట, రాయదుర్గం, గచ్చిబౌలి. ఇవాళ ఈ పేర్లలో కొన్ని మెట్రో స్టేషన్ల మీద, మిగతావి కంపెనీల చిరునామాల్లో కనిపిస్తాయి. నేను సాంఘిక శాస్త్రం చెప్పిన రోజుల్లో అవి మా హాజరు పట్టీలోని పిల్లల ఊళ్లు. రంగారెడ్డి జిల్లా 1978లో ఏర్పడింది. 1985లో తాలూకాలు పోయి మండలాలొచ్చాయి. అలా వచ్చిన శేరిలింగంపల్లి మండలంలో ఒక జిల్లా పరిషత్తు ఉన్నత పాఠశాలకు ఆరు, ఏడు, ఎనిమిది తరగతుల సోషల్ టీచరుగా వెళ్లేసరికి మా బడికి ప్రహరీ గోడ లేదు. గదుల వెనక నుంచే బండ మొదలయ్యేది. అది ఎక్కడా తెగకుండా సాగి దుర్గం చెరువు గుట్టల్లో కలిసేది.

ఆ తరగతుల్లో ఏ పుస్తకం తీసినా ఎక్కడో ఒకచోట సహజ వనరుల పాఠం తగులుతుంది. నేలలు, నీరు, అడవులు, ఖనిజాలు. బొగ్గు సింగరేణిలో, అభ్రకం గూడూరులో, ముగ్గురాయి మంగంపేటలో, ఇనుప ఖనిజం బైలాడిలాలో. పిల్లలు ఎక్కాలు ఒప్పజెప్పినట్టు ఒప్పజెప్పేవాళ్లు. ఏడో తరగతికి కామన్ పరీక్ష ఉండేది కాబట్టి అలా ఒప్పజెప్పించుకోవడమూ మా పనే. భారతదేశ ఖనిజ పటాన్ని గోడ మేకుకు తగిలించి బెత్తంతో ఒక్కో గుర్తూ చూపించేదాన్ని. ఆ పటం ఒడిశా తీరం దగ్గర చిరిగితే ఎవరో నల్ల దారంతో కుట్టారు. మా హెడ్మాస్టరు గారు ఒకరోజు వరండాలో నిలబడి నా పాఠం విన్నారు. గంట కొట్టాక పిలిచి, "పటం తర్వాత చూపియ్యొచ్చమ్మా. ముందు పిల్లల్ని బయటికి తోల్కపోండి. వాళ్ల ఇండ్లల్ల లేని వనరు ఆ పుస్తకంల ఏమున్నది?" అన్నారు. ఆనాటి నుంచి నేను ఆ పాఠం చెప్పే తీరు మారిపోయింది.

ఆయన అన్నది నిజం. మా తరగతిలో వడ్డెరల పిల్లలుండేవాళ్లు, వాళ్లది రాయి. గొల్ల కురుమల పిల్లలకు గైరాన్లో, అంటే ఊరుమ్మడి మేత భూమిలో, ఏ నెలలో ఎక్కడ గడ్డి మొలుస్తుందో తెలుసు. ముదిరాజుల పిల్లలు చెరువులో ఏ చేప ఏ లోతున తిరుగుతుందో చెప్పేవాళ్లు. గౌడ్ల పిల్లవాడికి ఈత చెట్టు గీత చూస్తే అది ఎన్నేళ్లుగా గీస్తున్న చెట్టో తెలిసేది. రైతుల పిల్లలు చెల్క నేలకూ రేగడికీ తేడా కాలితో తొక్కి చెప్పగలిగేవాళ్లు. దేశపు వనరుల పాఠానికి కావలసినవన్నీ ఆ నాలుగు బెంచీల మీదే ఉన్నాయి. నేను చేయవలసిందల్లా వాటికి ఒక వరస కట్టి, ఇక్కడ ఉన్నది ఎందుకుందో, లేనిది ఎక్కడుందో చెప్పడమే.

మొదట రాయి. బండ మీద కూర్చోబెట్టి తలా ఒక రాతి ముక్క ఇచ్చేదాన్ని. "ఇందులో ఎన్ని రంగులున్నాయి?" అని అడిగితే గులాబీ రంగు, తెలుపు, మిలమిల మెరిసే నలుపు అని చెప్పేవాళ్లు. గులాబీది ఫెల్డ్‌స్పార్, తెల్లది స్ఫటికం, నల్ల మెరుపు అభ్రకం. ఇదంతా ఒకప్పుడు భూమి లోపల కరిగిన ముద్దగా ఉండి నెమ్మదిగా చల్లారిన గ్రానైటు అనీ, దీని వయసు సుమారు 250 కోట్ల ఏళ్లనీ చెప్పేదాన్ని. ఆ అంకె వాళ్లకు ఆనేది కాదు. కానీ పైనున్న నేలంతా కొట్టుకుపోయాక ఈ రాయి బయటపడిందనీ, ఎండకు వ్యాకోచించి, రాత్రి చలికి ముడుచుకుని, సందుల్లో వాన నీరు దిగి, పొరలు పొరలుగా ఊడుతూ గుండ్రబడిందనీ చెబితే మాత్రం చప్పున పట్టుకునేవాళ్లు. ఒకదాని మీద ఒకటి నిలబడ్డ గుండ్లను భీముడు పేర్చాడని ఊళ్లో చెప్పుకునేవాళ్లు. "భీముడు గాదు, పొరలేసి అట్లయింది. మా నాయిన కొట్టే కాడ గూడ గిట్లనే లేస్తది" అని ఒక వడ్డెర పిల్లవాడు మిగతావాళ్లకు సర్దిచెప్పాడు. వాడే నాకూ ఒక పాఠం చెప్పాడు: "అది బండ గాదు టీచర్, గుండు. బండంటె సాపుగ పండుకుంటది. గుండంటె లేసి నిలవడ్తది."

వాడి తండ్రి పని చేసే చోటు బడికి అర్ధగంట నడక. తరగతి మొత్తాన్ని తీసుకుని వెళ్లాను. ఆయన ముందు ఒక పెద్ద బండ చుట్టూ తిరిగాడు, అరచేత్తో తడిమాడు, సుత్తితో అక్కడక్కడ తట్టి విన్నాడు. రాయికీ ఒక వాలు ఉంటుంది, ఆ వాలు పట్టుకుంటే చెప్పినట్టు చీలుతుంది, పట్టుకోకపోతే ముక్కలవుతుంది అని మాకు చూపించాడు. తర్వాత బొగ్గుతో ఒక గీత గీసి, గీత పొడుగునా బెత్తెడు దూరానికొకటి చొప్పున ఉలితో గుంటలు తొలిచాడు. అదే చాలా సేపు పట్టింది. పిల్లలు చింతచెట్టు కింద సద్ది తిని వచ్చేదాకా తొలుస్తూనే ఉన్నాడు. ఒక్కో గుంటలో ఒక ఇనుప చీల నిలిపి, సమ్మెట ఎత్తి, ఈ కొస నుంచి ఆ కొసకు ఒక్కోదానికి ఒక్కో దెబ్బ. మళ్లీ మొదటి నుంచి. ఒక్క చీల మీద రెండు దెబ్బలు వేయడు. "ఒక్కదాన్నే కొడితె కోపం జేస్తది. అన్నిటికి సమానం వడాలె" అన్నాడు. దెబ్బ చప్పుడు మొదట టంగుమని మోగుతుండేది. కాసేపటికి అది బరువుగా, మందంగా మారింది. ఆయన చెయ్యెత్తి అందరినీ ఊరుకోమన్నాడు. "పలికింది టీచరమ్మా. ఇగ కొట్టద్దు." సమ్మెట దించి పక్కన కూర్చున్నాడు. ఎవరూ ముట్టుకోకుండానే ఆ గీత వెంట సన్నని పగులు కదిలి, బండ రెండుగా తెరుచుకుంది. లోపలి రాయి అప్పుడే మొదటిసారి ఎండ చూసింది.

పెద్ద బండల్లోంచి పలక లేపాలంటే పైన కట్టెలు పేర్చి మంట పెడతారని, వేడికి పై పొర ఉబ్బి కింది రాయి నుంచి విడిపోతుందని కూడా ఆయనే చెప్పాడు. అలా లేచిన పలకలే ఇళ్ల గడపలు, కంచె కడీలు, రోళ్లు, తిరగళ్లు అయ్యేవి. చివర్లో ఒక అమ్మాయి లేచి, "ఈ గుట్ట ఎన్నేండ్లకు అయిపోతది పెద్దయ్యా?" అని అడిగింది. పుస్తకంలోని తరిగిపోయే వనరులు, తరగని వనరుల పాఠం అప్పటికి చెప్పి ఉన్నాను. ఆయన గుట్ట వైపు చూసి నవ్వాడు. "మా ముత్తాతల కాన్నుంచి కొడ్తున్నం బిడ్డా. ఒక మూల గూడ అరగలే." సమ్మెటా ఉలీ చేతిలో ఉన్న మనిషికి ఆ గుట్ట నిజంగానే తరగనిది. మంచి పని రోజున ఆయన కుటుంబమంతా కలిసి తీసే రాయి ఒక బండెడు. ఆ లెక్కన ఆ గుట్ట మరో వెయ్యేళ్లయినా ఉండేది.

నీటి పాఠానికి చెరువు కట్ట ఎక్కేవాళ్లం. గ్రానైటు నేల నీటిని దాచుకోలేదు. పైన మెత్తబడిన కాస్త పొరలో, రాతి పగుళ్లలో తప్ప లోపల నీరు నిలవదు. ఏడాదికి 80 సెంటీమీటర్లకు అటూ ఇటూ కురిసే వాన, అదీ నాలుగు నెలల్లో. బండల మీద పడ్డ వాన క్షణంలో జారిపోతుంది. అందుకే మన పెద్దలు జారే నీటికి అడ్డంగా కట్టలు పోసి, ఒకటి నిండితే మత్తడి దుంకి కింది దానిలోకి పోయేలా చెరువులను గొలుసు కట్టారు. గోల్కొండ కోటకు తాగునీళ్లిచ్చిన దుర్గం చెరువు మా పిల్లలకు ఈత కొట్టే చోటు. తూము ఎక్కడ, మత్తడి ఎక్కడ, నీళ్లు నిలిచే శిఖం ఎంతవరకు, ఆయకట్టు ఎంత అని నేను అడిగితే చెప్పింది చెరువు నీళ్లు పంచే నీరటి ఇంటి పిల్ల. నీళ్లు తక్కువైన ఏడాది ఏ మడికి ఎంతసేపు పారించాలో వాళ్ల తాత చెప్పిందే మాట. ఎంత భూమి ఉన్నవాడైనా ఆయన వచ్చేదాకా తూము ముట్టడానికి లేదు. వనరు ఎక్కడ దొరుకుతుందో పుస్తకాలు బాగానే చెబుతాయి. దాన్ని పంచుకునేది ఎలాగో ఆ పిల్ల మాటల్లో తప్ప నేను ఏ పుస్తకంలోనూ చదవలేదు.

నేలల పాఠానికి సీసాలు చాలు. చెల్క మట్టి ఒకదాంట్లో, రేగడి ఒకదాంట్లో, ఎండాకాలం చెరువులో తవ్విన పూడిక మట్టి ఒకదాంట్లో వేసి, నీళ్లు పోసి ఊపి కిటికీలో పెట్టేవాళ్లం. చెల్కలో ఇసుక వెంటనే అడుగుకు చేరేది. పూడిక మట్టి సీసా మర్నాడు కూడా తేరుకునేది కాదు. ఆ సన్నటి మట్టినే బండ్ల మీద చెల్కలకు తోలుకుంటారని, చెరువుకు లోతూ చేనుకు బలమూ ఒకే పనిలో వస్తాయని రైతు పిల్లలు వివరించేవాళ్లు.

దసరా నుంచి దీపావళి దాకా మా హాజరు పట్టీలో సున్నాలు ఎక్కువ. గుట్టల సందుల్లో సీతాఫలాలు పక్వానికొచ్చే కాలం అది. తెల్లవారకముందే పిల్లలు గుట్టలెక్కి, కన్ను విచ్చిన కాయ చూసి కోసి, గంపలకెత్తి పట్నం పంపేవాళ్లు. వాళ్లు తిరిగొచ్చాకే అటవీ ఉత్పత్తుల పాఠం పెట్టుకునేదాన్ని. ఎవరూ విత్తు వేయని, నీరు పోయని ఆ చెట్టు అసలు అమెరికా ఖండానిదనీ, సముద్రం దాటి వచ్చి మన రాళ్లలో ఇలా పాతుకుపోయిందనీ చెబితే ఎవరూ నమ్మలేదు. సీతమ్మ పేరున్న పండు పరాయిదెట్లా అవుతుందని నన్నే ఎదురడిగారు.

ప్రతి ఏడూ తప్పకుండా వచ్చే ఇంకో ప్రశ్న వజ్రాల గురించి. గోల్కొండ బురుజులు కనుచూపు మేరలోనే ఉన్న పిల్లలు కదా, ఈ రాళ్లు తవ్వితే వజ్రాలు దొరుకుతాయని గట్టి నమ్మకం. గోల్కొండ అంగడి మాత్రమే, గని కృష్ణ ఒడ్డున కొల్లూరు అని పటం మీద చూపించేదాన్ని. 18వ శతాబ్దంలో బ్రెజిల్లో బయటపడేదాకా ప్రపంచానికి వజ్రాలు ప్రధానంగా మన దేశం నుంచే వెళ్లేవని, ఆ గనులు ఇప్పుడు ఉత్తి గుంటలని చెప్పినప్పుడు తరగతి కాసేపు నిశ్శబ్దమయ్యేది. బొగ్గుకు మాత్రం పటం అక్కర్లేదు. లింగంపల్లి స్టేషన్లో పట్టాల వెంట ఏరిన బొగ్గు పెళ్లలు పిల్లలే తెచ్చేవాళ్లు. 1871లో విలియం కింగ్ అనే భూగర్భ శాస్త్రవేత్త ఇల్లందు ప్రాంతంలో బొగ్గు జాడ కనిపెట్టాడనీ, 1889లో తవ్వకం మొదలైందనీ ఆ పెళ్లలు చేతిలో పెట్టుకునే చెప్పేదాన్ని.

1990ల నడుమ నుంచి మార్పు వేగం అందుకుంది. మాదాపూర్ వైపు శిల్పారామం వచ్చింది, రోడ్లు వెడల్పయ్యాయి, పట్టా భూములకు అడగని ధరలొచ్చాయి. 1998 నవంబర్ 22న ప్రధాని వాజ్‌పేయి ఐటీ కంపెనీల కోసం కట్టిన సైబర్ టవర్స్ ప్రారంభించారు. మా పిల్లలు గుండ్లెక్కి ఆ హెలికాప్టర్లు, కార్ల వరసలు చూశారు. ఆ భవనం అందంగా ఉంది, ఈ మాట మనస్ఫూర్తిగానే అంటున్నాను. మా బడిలో చదివిన పిల్లలు తర్వాత అలాంటి భవనాల్లో ఉద్యోగాలు చేశారు. వాళ్లు కనిపించి నమస్కారం పెడితే నాకు కలిగే సంతోషం తక్కువేమీ కాదు.

కానీ గుట్ట పోయిన తీరు వేరే సంగతి. మందు పెట్టి పేల్చడం అంతకుముందూ ఉంది, అరుదుగా. ఇప్పుడు కంప్రెషర్లు వచ్చాయి. రోజూ మధ్యాహ్నం ఎర్ర జెండా ఊపేవాళ్లు, ఈల వినిపించేది, పిల్లలు చెవులు మూసుకునేవాళ్లు, కిటికీ చెక్కలు గడగడలాడేవి, ఆ తర్వాత సన్నటి తెల్ల దుమ్ము వచ్చి నోటు పుస్తకాల మీద పడేది. సమ్మెట తరాల తరబడి కొట్టినా మూల కూడా అరగని గుట్ట ఒక్క విద్యా సంవత్సరంలో నేల మట్టమైంది. జూన్‌లో బడి తెరిచినప్పుడు దాని నీడలో ప్రార్థన చేశాం, ఏప్రిల్ పరీక్షలకు అక్కడ పునాది గోతులున్నాయి. అదే రాయి, అదే ఊరు. తీసే వేగం మారేసరికి తరగనిది తరిగిపోయేదైంది. తరిగిపోయే వనరులకు నేను ఇన్నేళ్లూ చెప్పిన ఉదాహరణలు బొగ్గు, పెట్రోలు. ఆ ఏడాది నుంచి కిటికీలోంచి చేయి చూపిస్తే సరిపోయింది.

వడ్డెర కుటుంబాలు క్వారీలు ఎటు జరిగితే అటు వెళ్లిపోయాయి. గైరాన్లకు కంచెలు పడ్డాక గొల్ల కురుమలు గొర్రెలను అమ్ముకున్నారు. చెరువుల్లోకి వాగులు రావడం మానేసి మురుగు కాలువలొచ్చాయి. మత్తడి మీద రోడ్డు పడింది. ఆయకట్టు లేని చెరువుకు నీరటి ఎందుకు? ఊరికి తాగునీళ్లు ఎక్కడెక్కడి నుంచో రావడం మొదలైంది. మంజీర సరిపోక 2004లో కృష్ణ నుంచి, 2015లో గోదావరి నుంచి, వంద కిలోమీటర్ల పైచిలుకు పైపుల్లో. నీరు ఎవరి ఆకాశం నుంచి పడి ఎవరి కట్ట దగ్గర ఆగిందో పిల్లలకు తెలియడానికి ఇప్పుడు వీలు లేదు.

మా తరగతి మాత్రం ఖాళీ కాలేదు. పాత పిల్లలు వెళ్లిన బెంచీల మీదికి టవర్లు కట్టడానికి వచ్చిన వాళ్ల పిల్లలు వచ్చారు. పాలమూరు నుంచి, శ్రీకాకుళం నుంచి, తర్వాత్తర్వాత ఒడిశా, బీహార్ నుంచి. రేకుల షెడ్లలో ఉంటూ, పని అయిపోగానే ఊరు మారే పిల్లలు. మొదట నాకు బెంగగా ఉండేది, ఏ వనరు చూపించి పాఠం చెప్పాలా అని. నాలుగు రోజులు కూర్చుని మాట్లాడితే శ్రీకాకుళం పిల్ల జీడిమామిడి గురించీ గోగునార గురించీ చెప్పింది. 2012 తర్వాత కొత్త పుస్తకాలొచ్చాయి. ఆరో తరగతిలో పాలమూరు జిల్లా దోకూరు మీద ఒక పాఠం పెట్టారు. పీఠభూమి మీది ఊరు, దాని నేలలు, చెరువు, బావులు, బోర్లు, వలస. అంత మంచి పాఠం నా సర్వీసు మొత్తంలో చూడలేదు. అది చదువుతుంటే వెనక బెంచీలోంచి ఒక పిల్లవాడు లేచి, "అది మా అమ్మమ్మగారూరి పక్క ఊరే టీచర్" అన్నాడు. మిగతా పాఠం వాడి చేతే చెప్పించాను. బోరు ఎండిపోతే ఇంట్లో ఏం జరుగుతుందో వాడు చెప్పినంత వివరంగా పుస్తకంలో లేదు.

గుట్ట పోయాక నేను కనిపెట్టుకున్న పని ఒకటుంది. "మీ అమ్మానాన్న కడుతున్న గోడలో ఏమేం ఉన్నాయి, అవి ఎక్కడి నుంచి వచ్చాయి, అడిగి రాసుకురండి" అని ఇంటిపని ఇచ్చేదాన్ని. ఏడో తరగతి పిల్లలు మేస్త్రీలను, లారీ డ్రైవర్లను పట్టుకుని అడిగి వచ్చేవాళ్లు. సిమెంటు నల్లగొండ సున్నపురాయి. నేల మీది పలకలు తాండూరువి. ఇనుము విశాఖ ఉక్కు, దాని ఖనిజం బైలాడిలాది. అద్దానికి కావలసిన తెల్ల ఇసుక నెల్లూరు జిల్లా చిల్లకూరు వైపు ఉందని నేను కలిపాను. లిఫ్టు నడిపే కరెంటు రామగుండంలో మండిన సింగరేణి బొగ్గు. ఒకమ్మాయి కాగితం మీద, ఇసుక అని రాసి కొట్టేసి, "రోబో శాండ్. క్రషర్ల గ్రానైటు కొడితె వస్తది" అని రాసింది. నదుల్లో ఇసుక చాలక రాయినే పొడి చేసి ఇసుకగా వాడుతున్నారని ఆ పిల్ల చెప్పేదాకా నాకు తెలియదు. ఆ రోజు బోర్డు మీద గోడ బొమ్మ గీసి, ఒక్కో పొర నుంచి ఒక్కో బాణం పటం మీది ఊరికి కలిపాం. దారంతో కుట్టిన ఆ పాత పటమే.

పుస్తకాల్లో ఇప్పుడు మానవ వనరులు అన్న పాఠమూ ఉంది. అది ఉండాల్సిందే. ఈ నగరం ఆ వనరు మీదే నిలబడింది. నా ఫిర్యాదల్లా ఒక్కటే: ఆ పాఠం చదివే పన్నెండేళ్ల పిల్లకు తన కాళ్ల కింద ఏముందో తెలియకుండా పోతోంది. 2025 ఏప్రిల్‌లో కంచ గచ్చిబౌలి 400 ఎకరాల్లో చెట్లు నరకొద్దని సుప్రీం కోర్టు ఆపినప్పుడు, అక్కడి నెమళ్లను, జింకలను టీవీలో చూసి మా పక్కింటి పిల్లలు ఆశ్చర్యపోయారు. హైదరాబాద్‌లో అడవి ఉందా అని అడిగారు. రెవెన్యూ కాగితాల్లో ఆ ఊరి పేరుకే కంచ, అంటే మేత బీడు, ఉంది. మా కురుమ పిల్లలు గొర్రెలను తోలుకెళ్లిన కంచ అదే.

అంతా పోలేదు. హైదరాబాద్ విశ్వవిద్యాలయం ఆవరణలో పుట్టగొడుగు బండ ఇంకా నిలబడి ఉంది. ఎలుగుబంటి ముక్కు అని పిలిచే గుండు శిల్పారామం లోపల భద్రంగా ఉంది. ఖాజాగూడ గుట్టల్లో పొరలు లేచిన బండలు, సందుల్లో సీతాఫలం చెట్లు ఇప్పటికీ చూపించవచ్చు. 1996 నుంచి రాళ్లను కాపాడే సొసైటీ వాళ్లు జనాన్ని ఈ గుట్టల మధ్య నడిపిస్తూనే ఉన్నారు. కొత్తగూడ రిజర్వు అడవి బొటానికల్ గార్డెనై మిగిలింది. దుర్గం చెరువు మీద 2020లో తీగల వంతెన వచ్చింది, కానీ చెరువు చుట్టూ గుండ్లు కొన్ని అలాగే ఉన్నాయి.

ఈ ఐటీ కారిడార్లోని బడుల్లో సోషల్ చెబుతున్న టీచర్లకు ఒక మాట. వనరుల పాఠం పుస్తకంలో ఎన్నో యూనిట్లో ఉన్నా, దాన్ని కార్తీక మాసానికి జరుపుకోండి. వానలు వెనుదిరిగి బండలు కడిగినట్టుంటాయి, సీతాఫలాలు ఇంకా కొన్ని చెట్టు మీద ఉంటాయి, చెరువులో నీళ్లుంటాయి. పొద్దున ఏడింటికల్లా ఖాజాగూడ చేరితే ఎండెక్కేలోపు రాయి, నేల, నీరు మూడూ చెప్పేయవచ్చు. ఇద్దరు పెద్దవాళ్లు తోడు, తల్లిదండ్రుల సంతకాలు, తలా ఒక మంచినీళ్ల సీసా. ఒక సుత్తి నేను తెస్తాను. మోకాళ్లు సహకరించినన్నాళ్లు ఏ బడి పిలిచినా వస్తాను.